పెరటికోళ్ల మేత: ఇంటి మిగులు, ఇంటి పొడి

గృహకృత్యములలో కొన్ని గొప్పవిగా గణింపబడును. కొన్ని అల్పములని త్రోసివేయబడును. వంట, బిడ్డల పెంపకము, అతిథిసత్కారము మొదటి తెగలోనివి. పెరటిలో నాలుగు కోళ్లకు గుప్పెడు గింజలు చల్లుట రెండవ తెగలోనిదని పలువురు తలతురు. మా వినుకొండ పరిసరముల పల్లెలలో దీనిని అల్పమనుటకు మాకు నోరు రాదు. ఇచ్చటి ఇల్లాలికి తనదని చెప్పుకొనదగిన రొక్కము చేతికి వచ్చు మార్గములు మిక్కిలి తక్కువ. ప్రత్తి అమ్మిన సొమ్ము అప్పులవారికి, మిరప అమ్మిన సొమ్ము ఎరువుల కొట్టుకు పోవును. గ్రుడ్లు అమ్మిన సొమ్ము మాత్రము ఆమె కొంగుముడిలో నిలుచును. బిడ్డకు పుస్తకము, అత్తగారికి మందుబిళ్లలు, పండుగనాటికి గాజులు ఆ ముడినుండియే వచ్చును. కోళ్లకు మేత కొనుటలోనే ఆ సొమ్ము కరగిపోయినచో ముడి వట్టిదగును. మేత పెట్టకపోయినచో గ్రుడ్లే ఉండవు. ఈ రెంటి నడుమ దారి యెట్లు చూచుకొనవలయునో మా అనుభవమును, శాస్త్రజ్ఞులు కనుగొన్న విషయములను జతపరచి ఈ వ్యాసమున వ్రాయుచున్నాము.

గ్రుడ్ల ఉత్పత్తియందు ఆంధ్రప్రదేశము దేశమున అగ్రస్థానము వహించినది. ఆ గ్రుడ్లలో అత్యధిక భాగము వేలకొలది కోళ్లను పెంచు పెద్ద షెడ్లనుండి వచ్చునవి. మేము చెప్పబోవునది వానిని గూర్చి కాదు. పది కోళ్లకు మించని ఇంటిపెరటిని గూర్చియే.

కోడి మన యింటికి వచ్చిన విధము

పల్నాటిసీమలో కోడి యనగానే బ్రహ్మనాయునికిని నాగమ్మకును జరిగిన కోడిపోరు స్మరణకు వచ్చును. పందెమున ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచి పోవలసి వచ్చిన కథ శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్రమున గలదు. చాణక్యనీతి మాత్రము కోడియందు పోరాటమునే గాక వేకువను లేచుటను, తనవారితో పంచుకొనుటను, తన తిండి తాను సంపాదించుకొనుటను గూడ నేర్చుకొనదగిన గుణములుగా చెప్పినది. గృహిణికి ఈ చివరి గుణమే ముఖ్యము.

ఈ గుణమే కోడిని మనుష్యుని చెంతకు తెచ్చినదని ఇటీవలి పరిశోధకుల అభిప్రాయము. థాయిలాండు దేశమున బాన్ నాన్ వాట్ అను పురాతన గ్రామస్థలమున దొరకిన ఎముకలను పరీక్షించి, క్రీస్తునకు పూర్వము 1650 – 1250 సంవత్సరముల నడుమ కోడి మచ్చికయైనదని 2022లో ప్రకటించిరి. అడవికోళ్లు చెట్లు దిగి మానవుల వాడలకు వచ్చుటకు కారణము మెట్టవరి, చిరుధాన్యముల సాగు. కల్లమున రాలిన గింజకొరకు వచ్చిన పక్షి మనతో నిలిచిపోయినది. కాబట్టి ఇంటి మిగులు తిని బ్రతుకుట కోడికి మనము నేర్పిన విద్య కాదు. మూడువేల యేండ్లకు పైబడిన ఒడంబడిక. అందులో మన పాలు మనము సరిగా చెల్లించుచున్నామా యనునదే ప్రశ్న.

పెరడు ఎంత పెట్టును?

మా పొరుగున ఉన్న ఒక పెద్దామె మేము మేత తూచుట చూచి నవ్వి, “పంతులమ్మగారూ, కోడికి మేత తూచి పెట్టడమేందమ్మా? పెంటకుప్ప ఉంటే చాలదా? మా అత్త కాలంలో ఎవరు పెట్టారు?” అని యడిగినది. “మీ అత్తగారి కోడి ఏడాదికి ఎన్ని గ్రుడ్లు పెట్టేది అవ్వా?” అని మేమంటిమి. ఆమె వ్రేళ్లపై లెక్కించి, “మూడు దఫాలు, దఫాకు పదిహేనో ఇరవయ్యో” అని చెప్పినది. ఆ లెక్క సరియైనదే. నాటుకోడి సామాన్యముగా ఏడాదికి 50, 60 గ్రుడ్లు పెట్టును. అందుకు పెంటకుప్ప చాలవరకు సరిపోవును. హైదరాబాదు రాజేంద్రనగరమునందలి కోళ్ల పరిశోధన సంస్థవారు రూపొందించిన వనరాజ, గ్రామప్రియ జాతులు నేడు పల్లెలకు వచ్చినవి. వీనిలో గ్రామప్రియ నాటుకోడికి రెండింతలకు మించి గ్రుడ్లు పెట్టగలదు. కాని పెంటకుప్పను మాత్రమే నమ్మినచో అదియు నాటుకోడివలెనే మిగులును.

పెద్దకోడికి దినమునకు సుమారు 100 గ్రాముల పొడిమేత కావలయును. పెరడు, వీధి, పశువుల కొట్టము ఉన్నచోట ఇందులో సగమో, సగమునకు కొంచెము పైగానో కోడి తానే ఏరుకొనును. అయితే పెరటి మేత కోళ్ల సంఖ్యనుబట్టి పెరుగదు. ఆరు కోళ్లకు చాలిన పెరటిలో పండ్రెండు విడిచినచో పండ్రెండును అర్ధాకలితో నుండును. మొదటి పొదుపు సంఖ్యలోనే ఉన్నది.

ఋతువును గూడ గమనింపవలయును. తొలకరినుండి పురుగులు, లేత గడ్డి పుష్కలము, గింజ అరుదు. అప్పుడు జొన్నలు, నూకలు ఎక్కువగా పెట్టవలయును. పంట ఇంటికి వచ్చు దినములలో రాలిన గింజ ఎల్లెడల దొరకును గాని పురుగు తగ్గును. అప్పుడు చెక్క, ఎండుచేప వంటి మాంసకృత్తుల మేత అవసరము. వేసవిలో రెండును కరవు. సంవత్సరము పొడవునా ఒకే గుప్పెడు ఒకే గింజ చల్లువారు ఒక ఋతువున వృథా చేయుదురు, ఒక ఋతువున పస్తు పెట్టుదురు.

తెల్లన్నము నేర్పిన పాఠము

ఇంటి మిగులు అనగా మనలో పెక్కుమందికి మిగిలిన అన్నమే. దీనిని గూర్చి తెలిసికొనదగిన వృత్తాంత మొకటి గలదు. 1889 ప్రాంతమున జావా ద్వీపమున బటేవియా పట్టణమందు క్రిస్టియాన్ ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు బెరిబెరి వ్యాధికి కారణము వెదకుచుండెను. ఆయన పరిశోధనకై పెంచుచున్న కోళ్లకు కాళ్లు పడిపోయినవి. కొన్ని మాసములకు వానంతట అవియే కోలుకొన్నవి. విచారింపగా, వ్యాధి యున్న కాలమంతయు వానికి సైనికుల ఆసుపత్రి వంటశాలలో మిగిలిన పాలిషు బియ్యపు అన్నము పెట్టిరనియు, క్రొత్తగా వచ్చిన వంటవాడు సైనికుల అన్నము కోళ్లకు ఇయ్యనని నిరాకరింపగా ముడిబియ్యము పెట్టిరనియు తేలినది. తవుడులో నుండి తెల్లబియ్యమున లేని పదార్థమే ప్రాణాధారమని క్రమముగా తెలియవచ్చెను. విటమిన్ల శాస్త్రమునకు అది తొలిమెట్టు. 1929లో ఐక్‌మన్‌కు నోబెల్ బహుమానము లభించినది.

ఆ కోళ్లు చెప్పిన పాఠము నేటికిని మన పెరటికి వర్తించును. మన అన్నము తెల్లన్నము. అది కోడి కడుపు నింపును గాని కోడిని పోషింపదు. కావున అన్నము పెట్టునప్పుడెల్ల దానిలో తవుడు కలిపి పొడిపొడిగా చేసి పెట్టవలయును. తవుడు మరనుండి అప్పటికప్పుడు తెచ్చినదై యుండవలయును. పచ్చి తవుడు కొలది దినములలోనే కనరువాసన పట్టును. వారమునకు సరిపడునంత మాత్రమే తెచ్చుకొనుట మేలు.

వంటింటినుండి పెట్టదగినవి, పెట్టరానివి

పెట్టదగినవి: చద్దన్నము, గంజి, ఇడ్లీ దోసెల మిగులు, కూరగాయల లేత తొక్కులు, తోటకూర కాడలు, దోస, గుమ్మడి గింజలు, పప్పు చెరిగిన నూక, బియ్యము చెరిగిన చిట్టు, పుల్లని మజ్జిగ, బాగుగా ఉడికించిన చేపతలలు. ఇవన్నియు వండిన దినముననే పెట్టవలయును. అరగంటలో కోళ్లు తిననిది మిగిలినచో తీసివేయవలయును. లేనిచో ఎలుకలు చేరును, ఎలుకల వెంట పాములు చేరును.

పెట్టరానివి: ఊరగాయలు, పచ్చళ్లు, ఉప్పుచేప మొదలగునవి. ఇది మా గుంటూరు సీమవారు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినది. ఆవకాయ జాడీ అడుగున మిగిలినది, గోంగూర కలిపిన మెతుకులు కోళ్లకు వేయుట అలవాటు. కారము కోడికి హాని చేయదు, ఉప్పు చేయును. కోడి మేతలో ఉప్పు వందకు అరపాలు దాటరాదు. పచ్చడిలో దానికి ఎన్నో రెట్లుండును. పచ్చబడిన బంగాళాదుంప తొక్కులు, ఉడకని చిక్కుడు గింజలు, పుల్లబడి బూజు పట్టిన అన్నము గూడ పెట్టరాదు.

ఇంటి పొడి

మిగులుతో మాత్రమే గ్రుడ్లు రావు. దినమునకు కోడికి 40 గ్రాముల చొప్పున సమకూర్చిన పొడి సాయంకాలము గంపక్రిందికి చేరు వేళ పెట్టుట మా పద్ధతి. 10 కిలోలకు పాళ్లు ఇవి:

దంచిన జొన్నలు లేక నూకలు – 5½ కిలోలు
క్రొత్త తవుడు – 1½ కిలో
వేరుసెనగ చెక్క – 1½ కిలో
కందిపప్పు మరనుండి తెచ్చిన నూక, పొట్టు కలిసినది – 1 కిలో
ఉప్పు వేయని ఎండుచేపల పొడి – ½ కిలో
మెత్తని ఉప్పు – 25 గ్రాములు

ఈ పాళ్లలో మాంసకృత్తులు వందకు సుమారు 17 వంతులుండును. గ్రుడ్లు పెట్టు కోడికి అది చాలును. చేప ముట్టనివారు దానికి బదులు చెక్కను మరి ముప్పాతిక కిలో పెంచి, జొన్నలను పావుకిలో తగ్గింపవచ్చును. ఎండుచేప ఉప్పుదైనచో వేరుగా ఉప్పు కలుపరాదు.

ఇక లెక్క చూతము. ఎనిమిది కోళ్లకు 40 గ్రాముల చొప్పున దినమునకు 320 గ్రాములు. నెలకు 9 కిలోల 600 గ్రాములు. అనగా ఒకసారి కలిపిన పది కిలోల పొడి నెలకు సరిపోవును. వానినే గంపక్రింద కట్టివేసి అంగడి మేతతో పెంచినచో నెలకు 24 కిలోలు కావలయును. మిగిలిన 14 కిలోల ఖరీదే పెరడును, వంటిల్లును మీ కొంగుముడికి ఇచ్చు కానుక. మీ ఊరి ధరలు వేసి మీరే చూచుకొనుడు.

ఆరువారములలోపు పిల్లలకు ఈ పొడి చాలదు. వానికి మాంసకృత్తులు వందకు 20 వంతులు ఉండవలయును. పిల్లల మేతను అంగడిలో కొనుటలో తప్పు లేదు. ఆ వయసున చేసిన లోభము తరువాత ఎంత పెట్టినను తీరదు.

ప్రత్తి, మిరప

మా సీమ పంటలు ఈ రెండే గనుక వీనిని గూర్చి ప్రత్యేకముగా వ్రాయవలసియున్నది. గేదెకు పెట్టు ప్రత్తిగింజల చెక్క చౌకగా దొరకును గదా, కోళ్లకును అదే పెట్టరాదా యని పలువురు అడుగుదురు. పెట్టరాదు. ప్రత్తిగింజలో గాసిపోలు అను విషపదార్థము గలదు. పశువు కడుపున అది చాలవరకు అణగిపోవును. కోడికి అట్టి కడుపు లేదు. ఆ చెక్క తిన్న కోడి గ్రుడ్డులో పచ్చసొన నిలువయుంచినప్పుడు ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు తిరుగును. ప్రత్తిగింజల నూనెలోని మరియొక పదార్థముచే తెల్లసొన గులాబిరంగు పట్టును. అట్టి గ్రుడ్డును కొన్నవారు రెండవమారు మన గుమ్మము త్రొక్కరు. విత్తనముల పొట్లములలో వచ్చు ప్రత్తిగింజలకు పురుగుమందు పూసి రంగు వేసియుందురు. విత్తగా మిగిలిన నాలుగు గింజలను పెరటిలో పారవేయుట కోళ్ల ప్రాణము తీయుటయే.

మిరప సంగతి వేరు. కోడి నాలుకకు కారము తెలియదు. మనకు మంట కలిగించు పదార్థమును గ్రహించు ద్వారము కోడియందు దానికి స్పందింపదని డేవిడ్ జూలియస్ అను శాస్త్రజ్ఞుడు తన సహచరునితో కలిసి 2002లో నిరూపించెను. ఆయనకే 2021లో వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చినది. మిరపను పక్షులు తిని దూరదేశములకు గింజలు చల్లుటకు ప్రకృతి చేసిన ఏర్పాటది. మిరప ఎరుపు పచ్చసొనకు ఎక్కి చక్కని రంగు నిచ్చును. కనుక ఇంటి మడిలో మందు చల్లక పండించిన మిరపకాయలను పొడిచేసి చిటికెడు కలుపవచ్చును. కల్లమున ఏరివేసిన తాలుకాయలను మాత్రము పెట్టవలదు. చేనిపై చల్లిన మందులును, తడిసిన కాయపై పట్టిన బూజును వానిలోనే ఎక్కువ. ప్రక్క చేలో మందు కొట్టు దినమున, మరునాడును కోళ్లను గంప దాటనీయరాదు.

బూజు

అన్నిటికంటె దొంగదెబ్బ తీయునది బూజు. 1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీకోళ్లు కారణము తెలియక కూలిపోయినవి. బ్రెజిలునుండి వచ్చిన వేరుసెనగ చెక్కలో పెరిగిన ఒక బూజు విడిచిన విషమే అందుకు కారణమని తేలినది. దానికే అఫ్లాటాక్సిన్ అని పేరు. వేరుసెనగ, మొక్కజొన్న, మిరప తడిసి ఆరక మూటకట్టినచో ఈ విషము పుట్టును. ఇది కంటికి కనబడదు, వండినను వేచినను సామాన్యముగా నశింపదు, కాలేయమును చెరచును. కోడి వెంటనే చావకపోవచ్చును. మేత తగ్గును, గ్రుడ్లు తగ్గును, ఏ తెగులు వచ్చినను తట్టుకొనలేదు. విషపు పాలు కొంత గ్రుడ్డులోనికిని చేరును. ఆ గ్రుడ్డు తినునది మన బిడ్డలే.

కాబట్టి చెక్కను ముక్కగా కొని, విరిచి, లోపల వాసన చూచి, ఇంట దంచుకొనుడు. ముందే పొడిచేసి అమ్మునది కొనకుడు. కలిపిన పొడిని నేలపై గాక బల్లమీద, మూత గల డబ్బాలో ఉంచుడు. వానాకాలమున పది కిలోలకు బదులు ఐదు కిలోలే కలుపుడు. బూజు పట్టినది కోళ్లకైనను పనికివచ్చునను మాట మన యిండ్ల నుండి తొలగిపోవలయును.

పురుగు, ఆకు, సున్నము, నీరు

పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో, టోగో దేశముల గ్రామస్థులు కుండలో తడి గడ్డి, పేడ కూరి చెదలున్న నేలపై బోర్లించి, కుండలో చేరిన చెదలను కోడిపిల్లలకు వేయుదురు. ఖర్చు లేని మాంసకృత్తులివి. పాత కుండ, వరిగడ్డి, పేడ మనకు కొదవ గాదు. చెదలమందు చల్లిన నేలపై మాత్రము బోర్లింపరాదు.

మునగాకు, అవిశాకు నీడన ఎండించి నలిపి గుప్పెడు కలిపినచో పచ్చసొన రంగు తేరును, విటమిన్లు చేకూరును.

గ్రుడ్డు పెంకుకై కోడి తన ఒంటినుండి రెండు గ్రాములకు పైగా కాల్షియము వెచ్చించును. మేతలో అది దొరకనిచో ఎముకనుండి తీయును, పెంకు పలుచబడును, కోడి తన గ్రుడ్డు తానే పొడుచుకొని తినుట నేర్చును. ఇంటి గ్రుడ్ల పెంకులను కడిగి, పెనముపై వేచి, గుర్తు పట్టరానంతగా నలిపి, లేదా ఆల్చిప్పలను దంచి వేరొక చిప్పలో పెట్టుడు. కావలసిన కోడి కావలసినంత తినును. పొడిలో కలుపవలదు, పుంజులకు, పిల్లలకు అది అవసరమునకు మించి పోవును. తాంబూలపు సున్నము మాత్రము పెట్టరాదు, నోరు పొక్కును.

కోడి తిన్నదానికి రెండింతల నీరు త్రాగును. మా వేసవిలో అంతకు మించి త్రాగును. ఆ దినములలో తెల్లవారకముందు, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట మేత పెట్టి, నడిమధ్యాహ్నము నీడ, చల్లని మట్టిమూకుడు నీరు మాత్రము చూపవలయును.

ఆరోగ్యము

మందులు కలిపిన మేత కొనుటకు త్వరపడకుడు. మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పనిచేసిన లెడర్లీ పరిశోధనశాలనుండి 1948లో ఆరియోమైసిన్ అను ఔషధము వెలువడినది. దానిని మేతలో కలిపినచో కోడిపిల్లలు త్వరగా పెరుగునని అచ్చటివారే 1950లో ప్రకటించిరి. నాటినుండి ప్రపంచమంతట పెరుగుదలకై మందులు పెట్టుట మొదలయ్యెను. సూక్ష్మజీవులు ఆ మందులకు అలవాటుపడి మనుష్యులకు వ్యాధి వచ్చినప్పుడు లొంగకుండ పోవుచున్నవి. మన ప్రభుత్వము 2019లో కొలిస్టిన్ అను మందును పశువులకు, కోళ్లకు వాడరాదని నిషేధించినది. పెరటికోడికి కావలసినది టీకా. కొక్కెర తెగులునకు మొదటి వారమున కంటిలో చుక్క, ఎనిమిది వారములు నిండిన పిమ్మట సూదిమందు వేయించినచో కొంగుముడి ఒక్క రాత్రిలో ఊడిపోదు.

ఇంకొక్క మాట. 2025 సంవత్సరారంభమున గోదావరి జిల్లాలలో పక్షిజ్వరము వ్యాపించినది. ఆ మార్చి మాసమున మా పల్నాడు జిల్లాకు చెందిన ఒక పసిబిడ్డయే ఆ జ్వరముచే కన్నుమూసినది. పచ్చి కోడిమాంసపు ముక్క నోట పెట్టుకొనుటయే కారణమై యుండునని వార్తలు తెలిపినవి. ఆ తల్లి దుఃఖము తలచినపుడెల్ల మా చేతులు వణకును. అంగడినుండి తెచ్చిన మాంసపు పచ్చి తునకలను, కడిగిన నీటిని కోళ్లకు పోయకుడు. బిడ్డల చేతికి అందనీయకుడు. కోళ్లు గుంపుగా చచ్చినచో ముట్టక పశువైద్యునికి తెలుపుడు. కోళ్లను తాకినవెనుక సబ్బుతో చేతులు కడుగుకొనుట బిడ్డలకు అక్షరాభ్యాసముతోపాటు నేర్పుడు.

సోదరీమణులారా! “నా కోడి, నా కుంపటి లేకపోతే తెల్లవారదా?” అని మన సామెత ఒక ముసలమ్మను పరిహసించును. లోకమునకు తెల్లవారకపోదు, నిజమే. కాని ఎందరో ఇల్లాండ్ర గృహమున నెల గడచుట ఆ కోడివలననే జరుగుచున్నది. దానికి పారవేయదగినది పెట్టుట పొదుపు కాదు. మనము తినగా మిగిలిన మంచిదానిని, మనము దంచిన పొడిని, తూచి, వాసన చూచి, వేళకు పెట్టుటయే పొదుపు. ఈ నెల ఒక్క పది కిలోలు కలిపి చూడుడు. గ్రుడ్లను గోడపై గీతలు గీసి లెక్కించుడు. వచ్చు నెలకు ఆ గీతలే మీకు చెప్పగలవు.